గుండె గదుల కొలత

మనుష్యుని గుండె అతని పిడికిలి అంత ఉండునని పాఠ్యపుస్తకములు చెప్పును. మరణించిన వాని గుండెను బల్లపై ఉంచి తూచుటయు, కొలుచుటయు కష్టము కాదు. కాని బ్రతికి తిరుగుచున్న వాని గుండెలో ఎడమ జఠరిక నిండినపుడు ఎంత, ముడుచుకొన్నపుడు ఎంత అని అడిగినచో, వైద్యుడు చాలకాలము వరకు సరియైన సమాధానము చెప్పలేకపోయెను. ఇది కేవలము తెలిసికొనవలెనను కుతూహలమునకు సంబంధించిన ప్రశ్న కాదు. మహాధమని కవాటము సరిగా మూసికొననపుడు, బయటికి పోయిన రక్తములో కొంత వెనుకకు కారి వచ్చును. ఆ అదనపు రక్తమును పట్టుటకై జఠరిక సాగును. సాగి సాగి ఒక మేర దాటిన పిదప దాని కండరము మరల కోలుకొనదు. శస్త్రచికిత్స ఆ మేరకు లోపుగనే జరుగవలెను. అయితే మరీ తొందరపడి చేయుటయు మంచిది కాదు, ఏలయన అమర్చిన కృత్రిమ కవాటమునకు దాని చిక్కులు దానికి కలవు. ఇట్టి రోగి విషయములో కొన్ని మిల్లీమీటరుల తేడాయే నిర్ణయమును మార్చివేయును.

గుండె పరిమాణమును బయటినుండి ఊహించుటకు మొదటి మార్గము చెవి. ఆస్ట్రియా దేశములోని గ్రాజ్ పట్టణమున ఒక పూటకూళ్ల ఇంటి యజమానికి జన్మించిన లియోపోల్డ్ ఔయెన్‌బ్రుగర్, రోగి రొమ్మును వ్రేళ్లతో తట్టి, ఆ శబ్దమునుబట్టి లోపలి స్థితిని గుర్తించు పద్ధతిని 1761లో ప్రకటించెను. పీపాలో సారాయి ఎంతవరకు ఉన్నదో తట్టి తెలిసికొనుట అతడు చిన్ననాడే చూచియుండెనని చెప్పుదురు. గాలితో నిండిన ఊపిరితిత్తి డొల్లగా మ్రోగును. గుండెపై తట్టినచో శబ్దము మొద్దుబారును. ఈ విధముగా గుండె అంచు ఎక్కడనున్నదో కొంత తెలియును.

1895లో రాంట్‌జెన్ ఎక్స్-కిరణములను కనుగొనిన పిదప గుండె నీడను చూచుట సాధ్యమైనది. నీడ వెడల్పు రొమ్ము వెడల్పులో సగమునకు మించినచో గుండె పెద్దదైనట్లు భావించవచ్చునని 1919లో డాంజర్ సూచించెను. ఆ సూత్రము నేటికిని వాడుకలో ఉన్నది. కాని నీడ నీడయే గదా. గోడ దళసరియైనదా, లోపలి గది సాగినదా, లేక గుండె చుట్టును నీరు చేరినదా అనునది నీడ చెప్పదు. తరువాత రక్తనాళము గుండా సన్నని గొట్టమును గుండెలోనికి పోనిచ్చి, ఎక్స్-కిరణములకు కనబడు ద్రవమును చిమ్మి, రెండు దిక్కులనుండి చిత్రములు తీసి, ఎడమ జఠరిక ఘనపరిమాణమును లెక్కగట్టు పద్ధతిని 1960లో హెరాల్డ్ డాడ్జ్, అతని సహచరులు వివరించిరి. లెక్క మంచిదే. అయితే రోగికి కొంత ప్రమాదము కలిగించు ఆ పరీక్షను ప్రతి ఆరు నెలలకు ఒకసారి చేయుట ఎట్లు?

దీనికి పరిష్కారము వైద్యశాలలో పుట్టలేదు. 1880లో ఫ్రాన్సు దేశమున జాక్ క్యూరీ, పియేర్ క్యూరీ అను సోదరులు కొన్ని స్ఫటికములను నొక్కినపుడు వాటిపై విద్యుదావేశము పుట్టుటను గమనించిరి. ఇందుకు విపర్యయముగా, అట్టి స్ఫటికమునకు విద్యుత్తును అందించినచో అది కంపించును. కంపనము మిక్కిలి వేగముగా ఉన్నచో పుట్టెడి ధ్వని మనుష్యుని చెవికి వినబడదు. సెకండునకు సుమారు 20,000 కంపనములకు మించిన అట్టి ధ్వనికే అతిధ్వని అని పేరు. మొదటి ప్రపంచయుద్ధ కాలములో సముద్రగర్భమున దాగిన జలాంతర్గాములను కనిపెట్టుటకై పాల్ లాంజెవిన్ స్ఫటికములతో అతిధ్వనిని పుట్టించి, దాని ప్రతిధ్వనిని పట్టుకొనెను. తరువాతి తరమున ఇంజనీర్లు ఇదే ఉపాయముతో ఉక్కు దిమ్మెలలో లోపలనున్న పగుళ్లను వెదకసాగిరి. అతిధ్వనిని ఉక్కులోనికి పంపినచో, పగులు ఉన్నచోటినుండి ప్రతిధ్వని తిరిగి వచ్చును. ఓడలు కట్టు కర్మాగారములలో ఇట్టి యంత్రములు సామాన్యమయ్యెను.

స్వీడన్ దేశమునందలి లుండ్ విశ్వవిద్యాలయ వైద్యశాలలో ఇంగె ఎడ్లర్ అను హృద్రోగ వైద్యుడు ఉండెను. ఆ కాలమున కీళ్లవాతపు జ్వరము వలన ద్విపత్ర కవాటము బిగిసిపోయిన రోగులకు, ఆ కవాటమును తెరచు శస్త్రచికిత్స క్రొత్తగా ప్రచారములోనికి వచ్చుచుండెను. కవాటము కేవలము బిగిసి ఉన్నచో శస్త్రచికిత్స వలన మేలు కలుగును. బిగింపుతోపాటు కారుట కూడ ఉన్నచో, దానిని ఇంకను తెరచుట వలన హాని జరుగవచ్చును. ఈ రెండింటిని వేరుచేయుటకు ఎడ్లర్‌కు సాధనము కావలసి వచ్చెను. అతడు ఆ ప్రశ్నను అదే విశ్వవిద్యాలయములో భౌతికశాస్త్రవేత్తయైన కార్ల్ హెల్ముట్ హెర్ట్జ్ ముందుంచెను. ఈ హెర్ట్జ్, నోబెల్ బహుమతి పొందిన గుస్టావ్ హెర్ట్జ్ కుమారుడు. కంపనముల లెక్కకు ప్రమాణముగా ఎవరి పేరు నేడు వాడబడుచున్నదో ఆ హైన్రిక్ హెర్ట్జ్‌కు తమ్ముని మనుమని వరుస. అతిధ్వనుల చరిత్రలో ఇంతకంటె తగిన ఇంటిపేరు దొరకదు.

సమీపమునందలి మాల్మో నగరములోని కోకుమ్స్ ఓడల కర్మాగారములో లోహములను పరీక్షించు యంత్రము ఒకటి కలదని వారికి తెలిసెను. 1953లో హెర్ట్జ్ అచ్చటికి పోయి, దాని స్ఫటికపు కొనను తన రొమ్ముపైననే ఉంచి చూచెను. తెరపై ప్రతిధ్వని గుండె దెబ్బలతోపాటు ముందునకు వెనుకకు కదలుట కనబడెను. ఆ యంత్రమును వారాంతపు సెలవులకు అరువు తెచ్చుకొనిరి. తరువాత జర్మనీలోని సీమెన్స్ సంస్థ ఒక యంత్రమును వారికి వాడుకొనుటకు ఇచ్చెను. ఆ ప్రతిధ్వనిని కదలుచున్న ఫిల్ముపై పట్టి, 1953 అక్టోబరు 29వ తేదీన గుండె కదలికల మొదటి నమోదును వారు సాధించిరి. 1954లో దానిని ప్రచురించిరి.

ఆ ఫిల్ముపై ఒక రేఖ మిక్కిలి చురుకుగా ఎగిరి దిగుచుండెను. అది ఎడమ కర్ణిక ముందు గోడయని ఎడ్లర్ మొదట తలచెను. ఊహతో తృప్తిపడక, అతడు బ్రతుకు ఆశలేని రోగుల రొమ్ముపై అతిధ్వని ప్రవేశించిన చోటును, దిశను గుర్తుపెట్టి, వారు మరణించిన పిదప అదే దిశలో పొడవైన సూదిని గుచ్చి, అది దేనిని తాకినదో శవపరీక్షలో చూచెను. సూది తాకినది కర్ణిక గోడను కాదు. ద్విపత్ర కవాటపు ముందు రేకును. ఆ రేఖ దిగు వేగమునుబట్టి కవాటము ఎంత బిగిసినదో చెప్పుట ఆ తరువాత సాధ్యమయ్యెను. తెరపై కనబడు ప్రతి గీత శరీరములోని ఏ భాగమునకు చెందినదో ముందు ఋజువు చేయవలెనను పట్టుదల లేకున్నచో ఈ శాస్త్రము మొదటి మెట్టుపైననే తప్పటడుగు వేసియుండెడిది. 1977లో ఎడ్లర్, హెర్ట్జ్ ఇరువురకును లాస్కర్ బహుమతి లభించెను.

కొలత ఎట్లు జరుగునో ఇచట చూడదగును. మెత్తని కణజాలములో ధ్వని సెకండునకు సుమారు 1540 మీటర్ల వేగముతో పోవును. ఒక సెంటీమీటరు లోతునకు పోయి తిరిగి వచ్చుటకు దానికి సుమారు 13 మైక్రోసెకండులు, అనగా సెకండులో పదిలక్షల వంతులు పదమూడు, పట్టును. కావున ప్రతిధ్వని వచ్చిన కాలమును కొలిచినచో లోతు తెలియును. జఠరిక ముందుగోడ ప్రతిధ్వనికిని వెనుకగోడ ప్రతిధ్వనికిని మధ్య 65 మైక్రోసెకండుల తేడా ఉన్నచో వాటి మధ్య దూరము 5 సెంటీమీటర్లు. ఇచట గడియారమే కొలబద్ద. వినబడని ధ్వనినే ఎందుకు వాడవలెనను ప్రశ్నకు కూడ సమాధానము సులభము. సెకండునకు 25 లక్షల కంపనములుగల అతిధ్వని తరంగదైర్ఘ్యము శరీరములో 0.6 మిల్లీమీటరు మాత్రమే. వేయి కంపనములుగల మామూలు ధ్వని తరంగదైర్ఘ్యము ఒకటిన్నర మీటరు. అంత పొడవైన తరంగముతో మనిషి గుండెను కొలువబూనుట మూరకోలతో చీమ కాలిని కొలిచినట్లగును. కంపనములు ఇంకను పెంచినచో సూక్ష్మత పెరుగును గాని, ధ్వని లోతునకు పోకుండ మధ్యలోనే ఇంకిపోవును. పక్కటెముకలు, ఊపిరితిత్తులలోని గాలి దానిని అడ్డగించును. అందువలన ఎముకల నడుమ సందులు వెదకి, అచ్చటినుండియే గుండెను చూడవలెను.

అమెరికాలోని ఇండియానాపోలిస్ నగరమున హార్వే ఫైగెన్‌బామ్ అను యువవైద్యుడు, గుండె ఘనపరిమాణమును అతిధ్వనితో కొలువవచ్చునని చెప్పు ఒక ప్రకటనను 1963లో చూచెను. ఆ సంవత్సరము లాస్ ఏంజలీస్‌లో జరిగిన హృద్రోగ వైద్యుల సభలో ఆ యంత్రమును చూచి, దాని కొనను తన రొమ్ముపై ఉంచుకొనెను. ఘనపరిమాణమును గూర్చిన ప్రకటన అతిశయోక్తియే. కాని గుండె వెనుకగోడ కదలిక తెరపై స్పష్టముగా కనబడెను. ఊరు చేరిన పిదప, మెదడును పరీక్షించుటకు కొని వాడుకలో లేక మూలనున్న ఒక అతిధ్వని యంత్రమును తన వైద్యశాలలోనే కనుగొని, అరువు తెచ్చుకొనెను. గుండె చుట్టును చేరిన నీటిని దానితో కనుగొను పద్ధతిని అతడు, అతని సహచరులు 1965లో ప్రచురించిరి. 1967లో, ఒక్కొక్క దెబ్బకు ఎడమ జఠరిక వెలికి పంపు రక్తమును అతిధ్వనితో లెక్కించుటను గూర్చి వ్రాసిరి. కొనలేని యంత్రములను అరువు తెచ్చుకొనుట ఈ చరిత్రలో రెండవ సారి.

ఇచటినుండి గణితపు చిక్కు మొదలైనది. ఆనాటి యంత్రము ఒకే ఒక గీతవెంట చూచెడిది. దానివలన లభించునది ఒక అడ్డు కొలత మాత్రమే. ఒక అడ్డు కొలతనుండి గది మొత్తపు ఘనపరిమాణము చెప్పుట ఎట్లు? ఆరోగ్యమైన ఎడమ జఠరిక ఇంచుమించుగా కోడిగ్రుడ్డు ఆకారముగలది. పొడవు అడ్డుకొలతకు రెండింతలు. అట్టి ఆకృతి ఘనపరిమాణము π/6 ను అడ్డుకొలత, అడ్డుకొలత, పొడవులచే గుణించగా వచ్చును. పొడవు బదులు రెండు అడ్డుకొలతలు వేసినచో π/3 రెట్లు, అనగా 1.05 రెట్లు, అడ్డుకొలత ఘనము అగును. ఆ స్వల్ప భేదమును వదలినచో, ఘనపరిమాణము అడ్డుకొలత ఘనమునకు సమానము! అడ్డుకొలత 4.8 సెంటీమీటర్లు అయినచో గది సుమారు 110 ఘనసెంటీమీటర్లు. 1971లో పోంబో, అతని సహచరులు ఈ సూత్రముతో లెక్కించిన ఫలితములు, గొట్టము పోనిచ్చి తీసిన చిత్రముల ఫలితములతో పొసగుచున్నవని చూపిరి.

సూత్రము ముచ్చటగా ఉన్నది. కాని ఏ గుండె విషయములో కొలత ఎక్కువ అవసరమో ఆ గుండె విషయములోనే అది తప్పును. రోగముచే సాగిన జఠరిక పొడవునకంటె అడ్డముగా ఎక్కువ సాగి, గ్రుడ్డు ఆకారము వదలి బంతివలె అగును. అప్పుడు పొడవు రెండింతలు ఉండదు. అడ్డుకొలత 7 సెంటీమీటర్లు అయినచో ఘనసూత్రము 343 ఘనసెంటీమీటర్లు అని చెప్పును. టైకోల్జ్, అతని సహచరులు 1976లో దీనికి ఒక సవరణను ఇచ్చిరి: అడ్డుకొలత ఘనమును 7 చే గుణించి, 2.4 కు అడ్డుకొలతను కలుపగా వచ్చిన మొత్తముచే భాగించవలెను. ఈ లెక్కన ఆ గుండె సుమారు 255 ఘనసెంటీమీటర్లు మాత్రమే. 4.8 సెంటీమీటర్ల గుండె విషయములో రెండు సూత్రములకును తేడా మూడు ఘనసెంటీమీటర్లు. విద్యార్థులు ఈ లెక్కలను తామే చేసి చూడవచ్చును. అయినను గుండెపోటు వలన ఒకవైపు గోడ మాత్రమే కదలక నిలిచిపోయిన రోగికి ఏ సూత్రమును చాలదు. గీత పోయినచోట కండరము బాగుగా కదలుచున్నచో, చచ్చిన భాగము లెక్కలోనికే రాదు.

ఘనము చేయుటలో ఇంకొక ప్రమాదము కలదు. 4.8 సెంటీమీటర్లను ఒకరు 5.3 అని కొలిచిరనుకొందము. తప్పు 5 మిల్లీమీటర్లు. ఘనపరిమాణము మాత్రము 110 నుండి 149 కి, అనగా మూడవ వంతునకు పైగా, పెరిగిపోవును. మరి వైద్యులు కొలతలో అంత తేడా పడుదురా? ఈ ప్రశ్నకు నిష్పాక్షికముగా సమాధానము వెదకినవారు డేవిడ్ సాన్, ఆంథొనీ డిమరియా, జోసెఫ్ కిస్లో, ఆర్థర్ వైమన్. వారు ఒక్కొక్క పొట్లములో ఐదేసి గుండె నమోదులను ఉంచి 400 పొట్లములను నిపుణులకు పంపి, పేరు చెప్పకుండ కొలిచి పంపుడని కోరిరి. తిరిగి వచ్చినవి 76 మాత్రమే. ఆ 76 చాలినవి. ఒకే గీతను చూచి, ఒకరు గోడ వెలుపలి అంచునుండియు, మరియొకరు లోపలి అంచునుండియు కొలిచిరి. జఠరిక పూర్తిగా నిండిన క్షణమేది అన్నదానిలోనే సగముమంది ఒక విధముగను, సగముమంది మరియొక విధముగను తలచిరి. విద్యుత్ హృల్లేఖనములోని పెద్ద అల మొదలగు చోటు కొందరికి గురుతు, ఆ అల శిఖరము మరికొందరికి గురుతు. ఎడమ జఠరిక గది, దాని గోడల కొలతలలో అనిశ్చితి నూటికి 10 నుండి 25 వరకు ఉండెను. కుడి జఠరిక విషయములో అది 40 నుండి 70 వరకు పోయెను. యంత్రము తప్పు చెప్పలేదు. చూచువారు ఒక ఒప్పందమునకు రాలేదు.

1978లో ప్రచురించిన ఆ నివేదికలోనే వారు నియమములను సూచించిరి. ప్రతిధ్వని తెరపై సన్నని గీతగా కాక కొంత మందముగల పట్టెగా కనబడును. యంత్రపు శక్తిని పెంచినచో ఆ పట్టె వెనుకవైపునకు ఉబ్బును. ముందంచు మాత్రము అంతగా కదలదు. కావున ఒక పట్టె ముందంచునుండి తరువాతి పట్టె ముందంచు వరకు కొలువవలెను. నిండిన క్షణముగా ఆ పెద్ద అల ఆరంభమును తీసికొనవలెను. ఇంతకంటె సామాన్యమైన సలహా ఉండదు. అయినను క్రొత్త యంత్రములు తేలేని ఏకీభావమును ఈ రెండు వాక్యములు తెచ్చినవి.

ఆ ఏకీభావపు విలువ త్వరలోనే తెలియవచ్చెను. అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలలో వాల్టర్ హెన్రీ, రాబర్ట్ బోనో మొదలగువారు మహాధమని కవాటము కారుచున్న రోగులను పరిశీలించి, 1980లో ఫలితములను ప్రకటించిరి. శస్త్రచికిత్సకు ముందు, పూర్తిగా ముడుచుకొన్న స్థితిలో కూడ ఎడమ జఠరిక అడ్డుకొలత 55 మిల్లీమీటర్లకు మించి, సంకోచము మందగించిన రోగులకు, కవాటమును మార్చిన తరువాత కూడ ముప్పు ఎక్కువగా ఉండుట వారు చూచిరి. తరువాతి కాలపు వైద్యమార్గదర్శకములు ఈ మేరను 50 మిల్లీమీటర్లకు తగ్గించినవి. 51 అని ఒకరు, 47 అని మరియొకరు కొలిచినచో ఒకే రోగికి రెండు వేరు సలహాలు లభించును.

ఇంతలో ఒంటి గీత కాలము ముగియుచుండెను. నెదర్లాండ్స్ దేశములోని రాటర్‌డామ్ నగరమున క్లాస్ బోమ్ ఇరవై స్ఫటికములను వరుసగా పేర్చి, గుండె అడ్డుకోతను కదలుచున్న చిత్రముగా చూపు యంత్రమును 1970 తరువాతి తొలి సంవత్సరములలో నిర్మించెను. 1974లో అమెరికాలో గ్రిఫిత్, హెన్రీ స్ఫటికమును విసనకఱ్ఱవలె ఊపు యంత్రమును వివరించిరి. డ్యూక్ విశ్వవిద్యాలయములో థర్స్టన్, ఫాన్ రామ్ స్ఫటికములను కదల్చకుండ, వాటికి అందు విద్యుత్ స్పందముల కాలమును సవరించుటచేతనే ధ్వని దిశను మార్చిరి. నేడు వైద్యశాలలలో ఎకో పరీక్ష అని పిలువబడు దానిలో కనబడు విసనకఱ్ఱ ఆకారపు చిత్రము వీరి కృషి ఫలమే.

చిత్రము చేతికి వచ్చిన పిదప ఘనపరిమాణమునకు ఆకారమును ఊహించనక్కరలేకపోయెను. గుండె కొనవద్దనుండి చూచి, పరస్పరము ఇంచుమించు లంబముగా ఉండు రెండు తలములలో గది లోపలి అంచును గీయుదురు. గదిని పొడవునా 20 సమానమైన బిళ్లలుగా తరిగినట్లు భావించుదురు. ఒక్కొక్క బిళ్ల రెండు అడ్డుకొలతలును రెండు చిత్రములనుండి లభించును. బిళ్లల ఘనపరిమాణములను కూడినచో గది ఘనపరిమాణము వచ్చును. ఒక దోసకాయను చక్రములుగా తరిగి, ఒక్కొక్క చక్రమును కొలిచి కూడినట్లే. నెల్సన్ షిల్లర్, అతని సహచరులు ఈ పద్ధతిని 1979లో గొట్టపు పరీక్షతో పోల్చి చూపిరి. దీనికి పదునెనిమిదవ శతాబ్దపు ఆంగ్ల గణితజ్ఞుడు సింప్సన్ పేరు వాడుకలో స్థిరపడినది. నిజమునకు సింప్సన్ సూత్రము వేరు, బిళ్లల కూడిక వేరు. పేరును మార్చుటకు ఇప్పుడు ఎవరును పూనుకొనరు.

2005లోను, 2015లోను అమెరికా, ఐరోపా నిపుణులు కలసి ప్రకటించిన నియమములలో ఈ బిళ్లల పద్ధతికే ప్రాధాన్యము ఇవ్వబడినది. ఒంటి కొలతనుండి ఘనపరిమాణమును లెక్కించు సూత్రములను వాడవద్దని 2015 నాటి నియమములు చెప్పినవి. వాటి ప్రకారము ఆరోగ్యవంతుల ఎడమ జఠరిక నిండినపుడు పురుషులలో 62 నుండి 150, స్త్రీలలో 46 నుండి 106 ఘనసెంటీమీటర్లు. అందులో ఒక దెబ్బకు బయటికి పోవు రక్తము పురుషులలో నూటికి 52 నుండి 72, స్త్రీలలో 54 నుండి 74. ఈ అంకెలు ముఖ్యముగా తెల్లజాతివారిని పరీక్షించి తీసినవి. శరీర వైశాల్యముచే భాగించి చూచినను, దక్షిణాసియా ప్రజల గుండె గదులు సగటున వారికంటె చిన్నవిగా ఉన్నట్లు తరువాతి పరిశీలనలు తెలిపినవి. పరాయివారి కొలబద్దతో చూచినచో, మన దేశపు రోగి సాగిన గుండె సరిగానే ఉన్నట్లు కనబడవచ్చును. కీళ్లవాతపు జ్వరము వలన కవాటములు చెడిన బాలురు, యువకులు ఇంకను మిగిలియున్న దేశములో ఇది చిన్న విషయము కాదు.

బిళ్లల పద్ధతికిని లోపము లేకపోలేదు. ధ్వని గుండె సరియైన కొననుండి కాక కొంచెము ప్రక్కనుండి ప్రవేశించినచో, దోసకాయను ఏటవాలుగా కోసినట్లు, పొడవు తక్కువగా కనబడును. అందువలన ఎకో చెప్పు ఘనపరిమాణము అయస్కాంత చిత్రణము చెప్పు దానికంటె తరచు తక్కువగా ఉండును. గుండెకు హాని చేయగల క్యాన్సరు మందులు వాడు రోగికి, బయటికి పోవు రక్తపు నిష్పత్తి పది అంకెలు తగ్గినచో మందును గూర్చి పునరాలోచింతురు. కాని స్థితిలో మార్పులేని రోగులను మరల మరల పరీక్షించినపుడు, రెండు తలముల పద్ధతిలో ఆ నిష్పత్తి పది అంకెలకు పైగానే తేడా చూపగలదని 2013లో ప్రచురితమైన ఒక పరిశోధన తెలిపెను. మూడు మితుల చిత్రముతో ఆ తేడా సుమారు ఆరు అంకెలకు తగ్గెను.

మూడు మితుల యంత్రములో వేలకొలది చిన్న స్ఫటికములు చదరముగా పేర్చబడి, గుండెను మొత్తముగా ఒకేసారి చూపును. దీనికి దారితీసిన పని డ్యూక్ విశ్వవిద్యాలయములో 1990 ప్రాంతమున జరిగినది. గది అంచును గుర్తించు పనిని ఇప్పుడు కంప్యూటరే చేయుచున్నది. అయినను ఆ అంచు ఏది అను ప్రశ్న తప్పలేదు. ఎడమ జఠరిక లోపలి గోడ నున్నగా ఉండదు. దానినిండ కండరపు పోగులు వేలాడుచుండును, వాటి సందులలో రక్తము నిలిచియుండును. ఆ సందులలోని రక్తము గదిలోనిదే గనుక గీతను పోగుల వెలుపల, గట్టి కండరము మొదలగు చోట గీయవలెనని నియమము. ప్రతిధ్వని మసకగా ఉన్న రోగిలో గీయువాని చేయి పోగుల లోపలి అంచువద్దనే ఆగిపోవును. గది ఆమేరకు చిన్నదగును.